మా అక్క అసలు వయసు

ప్రభుత్వం వారి లెక్కలో మా అక్క నాకంటే నాలుగేళ్లు చిన్నది. అమ్మ కన్న లెక్కలో ఐదేళ్లు పెద్దది. ఈ రెండు లెక్కల మధ్యా పడి నేను ఈ వేసవంతా నలిగి పిప్పయిపోయాను. ఎవరైనా ఎదురుపడి "ఏమండీ వరప్రసాద్ గారూ, రిటైరయ్యారుగా, హాయిగా ఉన్నారా?" అని పలకరిస్తే ఒళ్లు మండుతోంది. హాయి ఏమిటండీ నా తలకాయ! ఉద్యోగం ఉన్నప్పుడు ఒక్క ఆఫీసుకే వెళ్లేవాణ్ణి. ఇప్పుడు ఊళ్లో ఉన్న ఆఫీసులన్నిటికీ వెళ్తున్నాను.

అక్క పేరు జగదాంబ. సినిమావాళ్లకి మంజులత. తెర మీద ఎప్పుడూ కనబడలేదు గానీ ఆవిడ గొంతు మీరు వినే ఉంటారు. బొంబాయి నుంచి వచ్చిన హీరోయిన్లకి తెలుగు రాదు కదా, వాళ్లు పెదాలు కదిపితే మా అక్క మాట్లాడేది. కొన్నాళ్లకి హీరోయిన్ల తల్లులకి మాట్లాడింది, ఆ తర్వాత అత్తలకి. ఇప్పుడు ఒక టీవీ సీరియల్‌లో గయ్యాళి అత్తగారికి డబ్బింగ్ చెబుతోంది. పెళ్లి చేసుకోలేదు. ఫిల్మ్ నగర్‌లో, షేక్‌పేట వైపు దిగే సందులో రెండు గదుల ఫ్లాట్ కొనుక్కుని ఒక్కతే ఉంటుంది. నేను కేంద్ర ప్రభుత్వం ఆడిట్ ఆఫీసులో చేసి రిటైరై, మా ఆవిడ కౌసల్యతో శ్రీనగర్ కాలనీలో ఉంటున్నాను.

వయసు సంగతి చెప్పాలి. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదు తరలివచ్చిన రోజుల్లో ఇక్కడి యూనియన్‌లో అందరికీ కొత్తగా కార్డులు రాశారు. వయసుకి రుజువు చూపించమన్న నాథుడు లేడు. ఇంకేం, మద్రాసులో రైలెక్కినవాళ్లందరూ తలా పదేళ్లు దారిలో ఏ ప్లాట్‌ఫారం మీదో దింపేసి, నాంపల్లిలో పడుచువాళ్లై దిగారు. మా అక్క కాస్త న్యాయం ఉన్న మనిషి, తొమ్మిదేళ్లే దింపింది. యూనియన్ కార్డు చూసి బ్యాంకువాళ్లు అదే రాసుకున్నారు. ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు "పుట్టిన తేదీకి కాగితం ఏమన్నా ఉందా అమ్మా?" అని అడిగితే లేదంది. "అయితే నోటితో చెప్పండి" అన్నారట. నోటితో చెప్పడమే కదా ఆవిడ వృత్తి, చెప్పేసింది. పేరు మాత్రం అసలుదే ఇచ్చింది. అంతవరకు ప్రభుత్వం పుణ్యం చేసుకుంది.

ఇన్నాళ్లూ దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. ఉగాది వెళ్లాక అక్కకి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. సరే వయసు కదా అనుకున్నాను, ఆవిడ దగ్గర ఆ మాట అనడానికి లేదు గనక అనలేదు. ఒకరోజు డబ్బింగ్ థియేటర్‌లో అత్తగారు కోడల్ని తిట్టే పొడుగాటి డైలాగు మధ్యలో ఊపిరి అందక ఆగిపోయిందట. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అక్కడే ఆగిందట. నాకు ఫోన్ చేసి, "చంటీ, ఆ ఏసీ చల్లదనం పడలేదురా" అంది. అరవై ఎనిమిదేళ్లొచ్చినా నేను ఆవిడకి చంటినే. నేను ఏసీ మాట నమ్మలేదు, ఆస్పత్రికి లాక్కెళ్లాను.

డాక్టర్ హరిణి అని గుండె సర్జను, నెమ్మదైన మనిషి. పరీక్షలన్నీ చూసి, గుండెలో ఒక వాల్వ్ బిగుసుకుపోయింది, దాన్ని తీసేసి కొత్తది వేయాలి, నెలల తరబడి నానబెట్టే వ్యవహారం కాదు అంది. ఫైలు మీద వయసు చూసింది.

"అరవై నాలుగే కాబట్టి మెటల్ వాల్వ్ వేద్దామండీ. చాలాకాలం వస్తుంది. కాకపోతే రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. ఇంకా పెద్దవాళ్లయితే ఆ మాత్రలతో రక్తస్రావం భయం ఎక్కువ, వాళ్లకి వేరే రకం వేస్తాం. మీకా ఇబ్బంది లేదు" అంది.

నేను నోరు తెరిచాను. బల్లకింద అక్క నా కాలు తొక్కింది. ఆయాసపడే మనిషికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ నా చిటికెన వేలు ఇవాళ్టికీ నొప్పే. ఖర్చు అన్నీ కలిపి ఐదు లక్షల దాకా అవుతుందని అక్కడ లెక్క చెప్పారు.

బయటికి రాగానే ఎగిరిపడ్డాను. "నీకేమైనా మతి పోయిందా అక్కా? అది పెళ్లిచూపులా వయసు దాచడానికి? ఆవిడ నీ గుండె కోయబోతోంది!"

"అరవకు. ఆ పక్కన నిలబడ్డ నర్సమ్మాయి మా సీరియల్ రోజూ చూస్తానంది. ఇక్కడ డెబ్భై మూడు అన్నానంటే రేపు పొద్దున్నకి కృష్ణానగర్‌లో సినిమావాళ్లందరికీ పాకుతుంది. డెబ్భై మూడేళ్లదానికి మైకు ఎవడిస్తాడు?"

"మైకు పోతే పోనీ, ప్రాణం ముఖ్యం కాదూ?"

"మైకు పోతే ఆ ప్రాణం పెట్టుకుని రోజంతా ఏం చెయ్యమంటావు? నీలాగా పేపర్ చదువుతూ ప్రభుత్వాన్ని తిట్టమంటావా?" అంది.

నాకు భలే కోపం వచ్చింది, పైగా అది నిజం.

మర్నాటి నుంచి నా తిరుగుడు మొదలైంది. ఆవిడ దగ్గర నిలవ ఉన్నది తక్కువ. ఫ్లాట్ అమ్మే మాట ఎత్తితే మొహం తిప్పేసుకుంది. నా పెన్షన్ నాకూ కౌసల్యకీ సరిపోతుంది, అంతే. అందుకని ప్రభుత్వం వైపు ఏయే దారులున్నాయో చూద్దామని బయల్దేరాను. జన్మంతా ప్రభుత్వం నిబంధనలు పట్టుకుని ఇతరుల బిల్లులు తిప్పికొట్టినవాణ్ణి, నాకు తెలియకపోవడమేమిటి అనుకున్నాను. తీరా చూస్తే ఒక పథకానికీ ఇంకో పథకానికీ చుట్టరికం లేదు. ఆరోగ్యశ్రీ అంటే తెల్ల రేషన్ కార్డు ఉందా అన్నారు. సొంత ఫ్లాటూ బ్యాంకులో జీతాల జమా ఉన్న మనిషికి తెల్ల కార్డు ఎక్కడిది? యూనియన్‌వాళ్ల గ్రూప్ బీమా ఉంది గానీ అందులో వచ్చేది సగం కూడా కాదు, మిగతాది మనమే చూసుకోవాలి. ప్రైవేటు పాలసీ అడిగితే ఆ ఏజెంటు, "జబ్బు బయటపడ్డాక వచ్చారేంటి సార్" అని నాకు టీ తెప్పించి పంపేశాడు.

ఇక మిగిలింది డెబ్భై దాటినవాళ్లకి కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు. దాని సంగతి చదివి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. ఆదాయంతో పనిలేదు. ప్రీమియం లేదు. ఏడాదికి ఐదు లక్షల దాకా వైద్యం. పాత జబ్బులైనా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. రేషన్ కార్డు అక్కర్లేదు. వాళ్లు చూసేదల్లా ఒక్కటే, ఆధార్‌లో డెబ్భై నిండిందా లేదా. ఉన్న ఒక్కగానొక్క అర్హతనీ మా అక్క కిందేసుకుని కూర్చుంది. ఎవరి మీద కేకలేయాలో తెలియక ఆ పూట కౌసల్య మీద వేశాను.

"నన్నంటారేం? మీ కార్డులో ఆవిణ్ణి చేర్చడం కుదరదా?" అంది కౌసల్య.

ఇంతకీ నాకున్నది కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ల ఆరోగ్య కార్డు. రిటైరైనప్పుడు నెలనెలా కట్టే చందాని పదేళ్లకి లెక్కేసి ఒకేసారి కట్టేస్తే మొగుడూ పెళ్లాలిద్దరికీ జీవితాంతం చూస్తారు. నేను అలాగే కట్టాను. కౌసల్య అన్నాక నిబంధనలు తీసి చూస్తే నిజమే, పెళ్లికాని తోబుట్టువు కూడా కుటుంబమే, ఏ వయసైనా సరే. నాకు ఎగిరి గంతేయాలనిపించింది, మోకాళ్లు ఒప్పుకోలేదు. ఏ వయసైనా సరే అన్నాక ఇక ఆవిడ అరవై నాలుగైతేనేం, పద్దెనిమిదైతేనేం! ఆవిడ అబద్ధం ఆవిడ దగ్గరే ఉంటుంది, ఆపరేషనూ అయిపోతుంది.

కార్డుల ఆఫీసుకి వెళ్లి అక్క ఆధార్ ఇచ్చాను. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు.

"చెల్లెలుగారాండీ?" అన్నాడు.

"అక్కండీ."

అతను నా కార్డూ ఆవిడ కార్డూ పక్కపక్కన పెట్టి చూసి, నా మొహం చూసి, "సోదరి అని రాద్దాంలెండి" అన్నాడు. తర్వాత కావలసినవి చెప్పాడు. ఆవిడ సొంత ఆదాయం పరిమితి లోపల ఉండాలి. నా మీద ఆధారపడి, నాతోపాటు నా ఇంట్లోనే ఉండాలి. అలాగని ఆవిడే సంతకం చేసి ఇవ్వాలి. "ఉత్తుత్తికి రాయకండి సార్, అడ్రసు కూడా మార్పించండి, చూడ్డానికి వస్తే ఇబ్బంది" అన్నాడు. నేను ఆడిట్‌వాణ్ణయ్యా, ఆ మాట నాకే చెబుతావా అనుకున్నాను గానీ అనలేదు.

ఇంటికొచ్చి మా వెనక గది ఖాళీ చేయించాను. పాత ట్రంకులు అటక ఎక్కించి, మంచం వేయించి, కిటికీకి దోమతెర కొట్టించాను. కౌసల్య అన్నిటికీ సాయం పట్టి, చివర్లో గుమ్మంలో నిలబడి అడిగింది.

"అంతా బాగానే ఉంది. మరి ఆ వాల్వ్ మాటేమిటి? అరవై నాలుగేళ్లకని వేసేది డెబ్భై మూడేళ్ల ఒంట్లో పెడతారా?"

"డాక్టరుగారితో చాటుగా చెబుతాలే."

"చాటుగా చెబితే ఆవిడ ఫైల్లో ఏం రాస్తుంది?"

నేను మంచం మీద కూలబడ్డాను. ఒకే మనిషికి ఆస్పత్రి ఫైల్లో ఒక వయసు, కార్డులో ఒక వయసు ఉంటే ఆ బిల్లు కదలదు. నా చేతికి వచ్చినా నేనూ ఆపేసేవాణ్ణి. కదలాలంటే డాక్టరుకి అబద్ధమే చెప్పాలి. అబద్ధం చెబితే ఆ మాత్రలు ఆవిణ్ణి ఏం చేస్తాయో నాకు తెలియదు. నాకు నిజంగా భయం వేసింది. అయినా ఇంకో దారి లేదు, ముందు సంతకం కానీ, తర్వాత ఎలాగో అక్కని బతిమాలుకుందాం అనుకున్నాను. అప్పటికే బాగా అలిసిపోయి ఉన్నాను.

మర్నాడు టైపు చేయించిన కాగితం పట్టుకుని ఫిల్మ్ నగర్ వెళ్లాను. అక్క కుర్చీలో రెండు దిళ్లు ఆనించుకుని కూర్చుని ఉంది. పాదాలు వాచి ఉన్నాయి. కాగితం తీసుకుని కళ్లజోడు పెట్టుకుంది. ఏ కాగితమైనా సరే పైకి చదవనిదే ఆవిడకి అర్థం కాదు, అది వృత్తి అలవాటు.

"నేను, కుమారి జగదాంబ, స్వంత ఆదాయం లేనిదాననై, నా జీవనమునకు పూర్తిగా నా సోదరునిపై ఆధారపడి, ఆయన గృహమునందే నివసించుచున్నాను" అని ఒకసారి ఏ భావమూ లేకుండా చదివింది. ముందు డైలాగు కాగితం అలాగే చదువుతారట, మాటల పొడుగు తెలియడానికి.

రెండోసారి సినిమాల్లో వితంతు తల్లి మాట్లాడినట్టు చదివింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, వెధవది, నేనే టైపు చేయించిన వాక్యానికి! మూడోసారి సీరియల్ అత్తగారిలా పళ్లు పటపటలాడిస్తూ చదివింది. చదివి కాగితం కిందికి దించింది.

"ఇందులో 'పూర్తిగా ఆధారపడి' తీసేసి 'సోదరునితో కలసి మెలసి' అని పెడదామా? పొడుగు సరిపోతుంది" అంది.

"అక్కా, ఇది ప్రభుత్వం. డైలాగు మార్చడానికి వీల్లేదు."

"రైటర్‌తో మాట్లాడి చూడు."

"రైటర్ ఎవరూ లేరు! అది నిబంధన!"

"మరి ఎవరూ రాయనిది నేనెందుకు చెప్పాలి?" అని కాగితం నా వైపు విసిరేసింది. తర్వాత మామూలు గొంతుతో అంది. "చంటీ, నేను చెయ్యని హత్యలు చేశానని ఒప్పుకున్నాను. కనని బిడ్డల కోసం గుండెలు బాదుకున్నాను. అన్నీ ఎవరెవరో ఆడవాళ్ల మాటలు, నాకేం అంటలేదు. ఇది మాత్రం నా మాటంటున్నారు. ఇది నా నోట రాదురా."

"పైకి చెప్పక్కర్లేదు, సంతకం పెడితే చాలు."

"సంతకమంటే అదేగా."

"నా మీద ఆధారపడితే అంత తప్పా? నాన్న పోతే నా కాలేజీ ఫీజులు మద్రాసు నుంచి ఎవరు పంపారు? నేను నీ మీద ఆధారపడలేదూ? నాకేమన్నా సిగ్గేసిందా?" గట్టిగానే అరిచాను.

"నువ్వు చిన్నవాడివి, నీకు తగును. చూడు, నేను ఎవరి చేతికిందా ఉండకుండా బతికాను. అదొక్కటే నేను సొంతంగా చేసిన పని. మిగతాదంతా ఇంకొకళ్ల పెదాలకి సరిపెట్టడమే. పోయి పోయి ఇప్పుడు అది కూడా లేదని రాసిస్తానా?"

ఆఫీసుల చుట్టూ తిరిగిన కాళ్ల నొప్పులన్నీ ఆ కుర్చీలో ఒక్కసారి తెలిశాయి. ఏడుపు వచ్చింది. "అయితే ఏం చేద్దామంటావు? ఇలాగే కూర్చుని పోతావా?" అన్నాను.

అక్క కళ్లజోడు తీసి మడిచింది. "ఏదీ, ఆ డెబ్భై దాటినవాళ్ల కార్డని ఏదో అన్నావే, దానికి ఎవరి మీదన్నా ఆధారపడాలా?"

"అక్కర్లేదు. వయసుంటే చాలు."

"వయసు ఉందిగా" అంది. లేచి, గోడ పట్టుకుని నెమ్మదిగా వెళ్లి, బీరువాలోంచి తెనాలి హైస్కూలు వాళ్లిచ్చిన, అసలు పుట్టిన తేదీ ఉన్న ఎస్సెల్సీ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నాకు సంతోషం కలగాల్సింది. ఎందుకో కలగలేదు, ఆవిడ చేతిలోంచి ఏదో లాక్కున్నట్టు బాధేసింది.

షేక్‌పేటలో ఆధార్ సెంటర్‌కి అక్కని ఆటోలో తీసుకెళ్లాను. జనం కిటకిటలాడుతున్నారు. అక్కకి ఎవరో కుర్చీ ఇచ్చారు. మా వంతు వచ్చాక కంప్యూటర్ దగ్గరున్న పిల్ల పుస్తకం చూసి, తెర చూసి, అక్కని ఎగాదిగా చూసింది.

"అందరొచ్చి ఉమర్ తగ్గియ్యమని లొల్లి పెడ్తరు. మీరేందమ్మా పెంచుకుంటున్రు?"

"అసలుది అదేనమ్మా" అంది అక్క.

"జర ఆలోచన చెయ్యిండ్రి. పుట్టిన తారీఖు ఒక్కపాలే మార్చనీకొస్తది. మల్ల తగ్గియ్యమంటే కాదు. పక్కానా?"

"పక్కా."

"ఎన్నేండ్లు ఇప్పుడు మీకు?"

ఆ పిల్ల ఊరికే అడిగింది, తెర మీద కనబడుతూనే ఉంది. అక్క నిటారుగా కూర్చుంది. "డెబ్భై మూడు" అంది. ఆ గొంతు గురించి నేనేం చెప్పను, వెనక వరసలో వాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. అరవై నాలుగని చెప్పి ఉంటే అందరూ నమ్మేవాళ్లు. ఆయాసం ఒక్క నిమిషం ఎక్కడికి పోయిందో తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలోనే సుహాస్‌కి ఫోన్ చేసింది. సీరియల్‌కి డబ్బింగ్ ఏర్పాట్లన్నీ చూసే కుర్రాడు అతను. స్పీకరు పెట్టడం ఆవిడకి అలవాటు, అందుకని నేనూ విన్నాను.

"సుహాస్, నాకు డెబ్భై మూడేళ్లురా. కాగితాల్లో మార్పించేశాను. వాళ్లూ వీళ్లూ చెబితే వినే బదులు నేనే చెబుతున్నాను. ఆపరేషన్ ఉంది. కాస్త కోలుకున్నాక వస్తాను."

"అయ్యో, దానికేం అక్కా... మీరు రెస్ట్ తీసుకోండమ్మా. జాగ్రత్తమ్మా" అన్నాడు. అతను మంచివాడే, మర్యాదగానే అన్నాడు. మొదట అక్కా అన్నవాడు రెండో మాటకే అమ్మా అనేశాడు. ఇన్నేళ్లలో అతను ఆవిణ్ణి అమ్మా అనడం అదే మొదటిసారి అని అక్కే చెప్పింది. చెప్పి, రోడ్డు పక్క స్టూడియో వ్యాన్లని చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత అతని దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. వారం తిరక్కుండా అత్తగారు సీరియల్‌లో ఇంకెవరి గొంతుతోనో మాట్లాడ్డం మొదలుపెట్టిందని కౌసల్య చూసి వచ్చి నా చెవిలో చెప్పింది. అక్కకి ముందే తెలుసు.

ఆధార్ మారింది. డెబ్భై దాటినవాళ్ల కార్డుకి మొహం ఫోటో తీసి, రోజు తిరక్కుండా చేతిలో పెట్టారు. ఇంత సుళువుగా అయిపోయే పనికా నేను ఇన్నాళ్లు చచ్చాను అనిపించింది. ఆ కార్డు తీసుకునే ఆస్పత్రుల్లో మాది కూడా ఉంది. ఫైలు పట్టుకుని మళ్లీ డాక్టర్ హరిణి దగ్గరికి వెళ్లాం.

ఆవిడ కార్డు చూసి, పాత కాగితం చూసి, తలెత్తింది. "మొన్న అరవై నాలుగు అన్నారు కదండీ?"

"సినిమావాళ్లం తల్లీ" అంది అక్క.

డాక్టరు నవ్వలేదు. "చెప్పారు కాబట్టి సరిపోయింది. ఈ వయసులో ఆ మాత్రలు మీకు మంచివి కావు. మెటల్ వద్దు. జంతువుల కణజాలంతో చేసిన వాల్వ్ వేస్తాను. జీవితాంతం మాత్రల బెడద ఉండదు. కార్డులోనే వస్తుంది, మీరు పైన కట్టేదేమీ ఉండదు" అంది.

నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. నా వరకు అక్కడితో అయిపోయింది. అక్క మాత్రం కదల్లేదు.

"అదెన్నాళ్లొస్తుందమ్మా?"

"పదేళ్లు ఖాయంగా. చాలామందికి పదిహేనేళ్లు కూడా వస్తుంది."

"ఆ తర్వాత?"

"అరిగిపోతే మళ్లీ వేయాల్సి వస్తుంది. చిన్నవాళ్లకైతే అందుకే వేయం." కొంచెం ఆగి, "మీకు అది సరిపోతుందండీ" అంది డాక్టరు. ఆవిడ తప్పేమీ అనలేదు, ఉన్న మాటే చెప్పింది. అక్క తలూపింది. నేను ఆవిడ మొహం చూడలేక గోడ మీద గుండె బొమ్మ చూశాను.

బయట వరండాలో కార్డు కౌంటరు దగ్గర కూర్చోమన్నారు. మా నంబరు రావడానికి టైముంది. అక్క బెంచీ మీద చీర సర్దుకుని కూర్చుంది. చాలాసేపు వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంటోంది. మైకు గురించో, పోయిన సీరియల్ గురించో అయి ఉంటుందనుకున్నాను. ఏమని ఓదార్చాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

"చంటీ, నాకు ఎనభై ఎనిమిది అయ్యేసరికి నీకు ఎంతరా?" అంది.

"ఎనభై మూడు."

"అప్పుడిది అరిగిపోతుందంటోంది ఆవిడ. మళ్లీ ఏవో కార్డులంటారు, ఆఫీసులంటారు." నా చేతిలో ఉన్న ఫైలు వంక చూసింది. "అప్పటికి నువ్వు ఇలా తిరగలేవు కదరా. నాకోసం ఎవరు తిరుగుతారు?"

ఇన్నాళ్లూ ఈవిడ మైకు కోసం ఏడుస్తోందనీ, గొప్పకి పోతోందనీ నేను విసుక్కున్న విసుగంతా నా మొహానే కొట్టినట్టయింది. ఎవరి మీదా ఆధారపడనని కాగితం విసిరేసిన మనిషి, నన్ను అడుగుతోంది.

"నేనే తిరుగుతాను. ఇంకెవరు తిరుగుతారు?" అన్నాను.

అక్క నా మోకాళ్ల వైపు చూసింది. ఇంతలో కౌంటరు దగ్గర మా నంబరు పిలిచారు. నేను లేవబోయి, మోకాళ్లు పట్టేసి, మళ్లీ బెంచీ మీద పడ్డాను. అక్క తనే ముందు లేచింది. గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుని, నా చేతిలోంచి ఫైలు తీసి చంకలో పెట్టుకుని, "రా" అని నాకు చెయ్యి అందించింది.